పదిహేడు పువ్వుల పగడం

మా తమ్ముణ్ణి పనివాళ్ళందరూ ఇత్తడి మేస్త్రీ అనేవారు. ఇళ్ళకు నీళ్ళ పైపులు బిగించడం వాడి పని. యాభై ఏళ్ళకు పైగా చేశాడు. మా చుట్టుపక్కల వీధుల్లో సగం ఇళ్ళ గోడల్లో వాడి చేతి జాయింట్లున్నాయి. గోడలో ఉన్నది ఎవరికీ కనబడదు గనుక వాడికి పేరు రాలేదు. కారే జాయింటే అందరి కళ్ళా పడుతుంది, అది వాడిది కాదు.

మా నాన్న పోయేనాటికి వాడికి పన్నెండేళ్ళు, నాకు పందొమ్మిది. వాడి చదువు అయిదో తరగతితో ఆగిపోయింది, నాది అప్పటికే మూడో తరగతితో ఆగి ఉంది. నేను దర్జీ దుకాణంలో కాజాలు కుట్టి ఇల్లు నడిపాను. వాణ్ణి ఒక ముసలి పైపుల మేస్త్రీ దగ్గర పనికి పెట్టాను. ఆ ముసలాయన వాడికి పని ఎంత నేర్పాడో, పిచ్చి కూడా అంతే అంటించాడు. ఇనుము తుప్పు పడుతుంది, ప్లాస్టిక్కు పెళుసెక్కి విరుగుతుంది, ఇత్తడి ఒక్కటే బిగించినవాడు పోయాక కూడా ఉంటుందని తలకెక్కించాడు. ఇక వాడు ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల్ని కాదు, కుళాయిల్ని పలకరించేవాడు. ప్లాస్టిక్కు కుళాయి కనబడిందా, ఆ ఇంటివాళ్ళ మీద వాడి గౌరవం సగం పడిపోయేది.

వాడి పెళ్ళి కూడా కుళాయి దగ్గరే కుదిరింది. రక్తపరీక్షలు చేసే లాబొరేటరీలో సింకు కారుతోందని పిలిస్తే వెళ్ళాడు. అక్కడ సీసాలు కడిగే అమ్మాయి వాడి పని అయిందాకా పక్కనే నిలబడి చూసి, "మీరు బిగించింది బాగానే ఉంది. కారేది మాత్రం దాని పక్కది," అన్నదట. ఇంటికొచ్చి మూడు రోజులు వాడు ఆ మాటే చెప్పాడు. నాలుగో రోజు నేనే వెళ్ళి ఆ అమ్మాయిని అడిగి వచ్చాను.

అడిగి తెచ్చుకున్న మాట నిజమే గానీ, మరదలు నాకు నచ్చలేదు. మాట తక్కువ మనిషి. మాట తక్కువ వాళ్ళంటే నాకు మొదటినుంచీ అనుమానమే, లోపల ఏం దాచుకున్నారో అంతుపట్టదు. మా ఆయన పోయాక నేను వాళ్ళ ఇంటి ముందుగదిలోకి వచ్చి చేరాను. ముప్ఫై ఏళ్ళు ఇద్దరం ఒకే వంటగదిలో తిరిగాం. నేను పది మాటలంటే ఆమె ఒక్కటి అనేది. ఆ ఒక్కటీ నా పదింటికీ సరిపోయేది. వాళ్ళకు పిల్లలు కలగలేదు. ఆ సంగతి మా ముగ్గురిలో ఎవరమూ ఎత్తేవాళ్ళం కాదు.

పద్నాలుగేళ్ళ కిందట తమ్ముణ్ణి ఒక పెద్ద ఇంటికి పిలిచారు. ఆ ఇంటి హాల్లో గోడంత గాజుతొట్టి. దాన్నిండా ఉప్పునీళ్ళు, రాళ్ళు, రంగురంగుల చేపలు, సముద్రంలో పెరిగే పగడాలు. తొట్టి కింద పైపు కారుతోంది. వాడు బాగుచేసి వచ్చి మాకు చెప్పింది పగడాల సంగతి కాదు.

"అంత ఇల్లు కట్టాడా, తొట్టి కింద అన్నీ ప్లాస్టిక్కు పైపులే అక్కా! ఒక్క ఇత్తడి ముక్క లేదు. ఇంత పిసినారిని నేనెక్కడా చూడలేదు."

ఆ పిసినారే వాడి పని చూసి మురిసిపోయి, తొట్టిలోంచి ఒక పగడపు కొమ్మ తుంచి, నీళ్ళు నింపిన కవరులో పెట్టి ఇచ్చాడు. వేలెడంత తెల్లరాతి కొమ్మ. చివర రెండు చీలికలు, ఒక్కో చీలిక మీద ఒక పువ్వు. పువ్వంటే రేకులు కావు. నడుమ చిన్న నోరు, దాని చుట్టూ మెత్తని ఆకుపచ్చ వేళ్ళు గుత్తిగా ఉండి, నీళ్ళు కదిలినప్పుడల్లా ఊగుతుంటాయి. అది మొక్కా కాదు, రాయీ కాదు, జంతువు అని మరదలు చెబితే నేను నవ్వాను. అది నిజమని తెలిశాక కూడా ఆమె ముందు ఒప్పుకోలేదు.

మరదలు ఆ కొమ్మను నెత్తిన పెట్టుకుంది. సూట్‌కేసంత గాజుతొట్టి ఒకటి తెచ్చి హాల్లో బల్ల మీద పెట్టింది. వడగట్టిన మంచినీళ్ళలో సముద్రపు ఉప్పు తూకం వేసి కలిపేది. వారానికి రెండుసార్లు చిన్న సీసాలోకి నీళ్ళు తీసి, మందుచుక్కలు వేసి, తిరిగిన రంగును కార్డు మీది రంగుతో పోల్చి చూసేది. ఉప్పెంత, సున్నమెంత, చేపల మలినమెంత అని నోటుబుక్కులో రాసుకునేది. నాకు ఒళ్ళు మండేది.

"నీ వంటలో ఉప్పెక్కువైతే పట్టదు గానీ, ఆ రాతికి తూకం వేసి పోస్తున్నావా?" అన్నాను ఒకరోజు.

"వంటలో ఎక్కువైతే మీరు తిడతారు వదినా, సరిచేసుకుంటాను," అంది. "అది తిట్టలేదుగా."

పదకొండేళ్ళలో ఆ రెండు పువ్వులూ పదిహేడయ్యాయి. ఒక పువ్వు వెడల్పై, మధ్యలో నొక్కుపడి, రెండుగా విడిపోతుంది. కింద రాయి కూడా దాంతోపాటే కొమ్మలేస్తుంది. కొత్త పువ్వు విడినప్పుడల్లా ఆమె మాతో చెప్పేది కాదు. నోటుబుక్కులో అంకె మారేది. ఆ అంకె నేను దొంగచాటుగా చూసేదాన్ని.

ఆమెకు జబ్బు చేసింది. చివరి నెల మంచం దిగలేకపోయింది. తమ్ముడు తొట్టి బల్లను హాల్లోంచి గదిలోకి, ఆమె మంచానికి ఎదురుగా జరిపాడు. ఒక సాయంత్రం నేను గిన్నెతో గదిలోకి వెళ్తుంటే ఆమె వాడితో అంటోంది:

"దాన్ని వదిలెయ్యకండి."

"వదలను."

"విసుగొస్తుంది మీకు. నీళ్ళు మార్చడం చెత్తపని."

"నీళ్ళ పని నాకు చెబుతున్నావా?" అన్నాడు. ఆమె నవ్వింది. ఆమె నవ్వగా నేను చూసింది అదే ఆఖరు.

ఆమె పోయాక వాడు పనులకు వెళ్ళడం మానేశాడు. డెబ్భై నిండాయి, చేతులు వణకడం మొదలైంది. పానా పట్టుకుంటే ఆ బరువుకు వణుకు ఆగేది, చెంచా పట్టుకుంటే ఆగేది కాదు. కానీ ప్రతి ఆదివారం పొద్దున్నే నోటుబుక్కు ముందేసుకుని, అక్షరం కింద వేలు పెట్టి చదువుకుంటూ, ఆమె రాసినట్టే నీళ్ళు మార్చేవాడు. ఒక్క ఆదివారం తప్పలేదు. పదిహేడు పువ్వులూ పదిహేడుగానే ఉన్నాయి.

ఏడాది తిరగకముందే తొట్టి అడుగు అతుకు చెమర్చింది. మొదట బల్ల మీద తడి గీత, తరవాత ఉప్పు గీత. ఊళ్ళో కారే వాటన్నిటినీ ఆపినవాడి ఇంట్లోనే కారుతోంది. లోపల నీళ్ళుండగా గాజు అతుక్కి మందు పట్టదు, నీళ్ళు తీసి, అతుకు ఆరేదాకా పగడాన్ని వేరేచోట ఉంచడానికి వాడికి ధైర్యం చాలలేదు. కొత్త తొట్టి కట్టక తప్పదు. పాతది తట్టుకున్నన్నాళ్ళే గడువు.

వాడు పెంపుడు చేపలమ్మే కొట్టుకు వెళ్ళి, ఆ కొట్టతణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. నలభై దాటినవాడు, బట్టతల, మాటకు ముందొక నవ్వు. మరదలు ఉప్పు కొన్నది అతని దగ్గరే. తొట్టి చూసి నిట్టూర్చాడు.

"ఇంత పెద్ద గుత్తి మా కొట్లో కూడా లేదండీ. కొంచెం పెద్ద తొట్టి కట్టుకోండి మేస్త్రీ గారూ. కింద అల్మారాలో ఇంకో చిన్న తొట్టి. పైనుంచి నీళ్ళు పైపులో కిందికి దిగాలి, అక్కడ శుభ్రమై మోటారుతో మళ్ళీ పైకెక్కాలి. నీళ్ళు ఎంత ఎక్కువుంటే అంత నిలకడ."

"పైపుల పని నాకొదిలెయ్యండి."

"మీకు చెప్పేవాణ్ణా! ఒక్కటే. నీళ్ళలో ఇనప ముక్క తగలకూడదు. మేకు, స్క్రూ, ఏదీ వద్దు. తుప్పు పట్టిందంటే అంతే సంగతులు."

"నా ఇంట్లో తుప్పు మాట ఎత్తకండి," అన్నాడు తమ్ముడు. ఇన్ని నెలల తరవాత వాడి గొంతులో జీవం వినబడింది.

నెల రోజులు కష్టపడ్డాడు. ఒంట్లో వయసు పదేళ్ళు తగ్గింది. కొలిచాడు, కోశాడు, గీరాడు, మళ్ళీ కొలిచాడు. పైపులు మాత్రం ఇష్టం లేకపోయినా ప్లాస్టిక్కువే వేశాడు, ఇనుము వద్దన్నారు గనుక. కానీ పైనుంచి దిగే నీటిని చప్పుడు కాకుండా అదుపు చెయ్యడానికి ఒక వాల్వు కావాలి. ఆ వాల్వు దగ్గర వాడు లొంగలేదు. మంచం కింది పెట్టెలోంచి నూనెగుడ్డ చుట్టిన ఇత్తడి గేటు వాల్వు తీశాడు. పాత హోటలు ఒకటి పడగొట్టినప్పుడు తెచ్చుకున్నది. దాని లోపలి గేటును వాడే అరగదీసి, నీటిచుక్క జారకుండా కూర్చాడు. దాని చక్రాన్ని వెంట్రుకవాసి తిప్పితే నీళ్ళు వెంట్రుకవాసి తగ్గేవి. తోమి బిగించాక అల్మారా చీకట్లో అది బంగారంలా మెరిసింది.

"చూశావా అక్కా, చప్పుడుందా?"

నేను చెవి పెట్టి విన్నాను. నిజంగానే లేదు. ఆ కింద నాలుగు చుక్కల తడి కనబడితే పైటకొంగుతో తుడవబోయాను. వాడు గబుక్కున నా చెయ్యి తోసేశాడు.

"వంటింట్లో నేను వేలు పెడుతున్నానా? ఈ కింద నువ్వు చెయ్యి పెట్టకు. దేన్నైనా కదిపావంటే మొత్తం పోతుంది."

"పెట్టనులే నాయనా. నీ బంగారాన్ని నువ్వే కాపలా కాచుకో," అన్నాను. వాణ్ణి పెంచిన చేతిని వాడు తోసేశాడని మూడు రోజులు ముఖం ఎత్తి మాట్లాడలేదు.

కొత్త తొట్టిలో వెంటనే ఏదీ వెయ్యకూడదట. రాళ్ళ మీద కంటికి కనబడని మంచి క్రిములు పెరగాలి, అవే చేపల మలినాన్ని తింటాయి. ఆరు వారాలు ఉత్త నీళ్ళు, ఉత్త రాళ్ళు తిరిగాయి. తమ్ముడు రోజూ మందుచుక్కలు వేసి చూసి, నోటుబుక్కులో మరదలి రాత కింద తన వంకర అంకెలు రాశాడు. ఆరు వారాలయ్యాక సగం నీళ్ళు మార్చి, ఒక పొద్దున పగడాన్ని రెండు చేతులతో ఎత్తి కొత్త తొట్టిలో దించాడు. దాని వెంట మరదలు పెంచిన రెండు చిన్న చేపలు. కొట్టతను అద్దం మీద నాచు తినడానికి అరడజను నత్తలు ఇచ్చాడు.

మధ్యాహ్నానికి పదిహేడు పువ్వులూ విచ్చుకున్నాయి. తమ్ముడు కుర్చీ వేసుకుని అన్నం కూడా అక్కడే తిన్నాడు.

నాలుగో రోజు నత్తలు అద్దం మీదినుంచి ఒక్కొక్కటే జారి కింద పడ్డాయి. కొత్త నీళ్ళు పడలేదేమో అన్నాడు కొట్టతను. రెండో వారంలో పువ్వులు పూర్తిగా విచ్చడం మానేశాయి. మూడో వారంలో అంచున ఉన్న పువ్వు ముడుచుకుపోయి, దాని కండ తడిసిన కాగితంలా ఊడి నీళ్ళలో కలిసింది. కింద ఉత్త తెల్లరాయి మిగిలింది. పదహారు. రెండు రోజులకు పదిహేను.

వాడు కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. నీళ్ళు పరీక్షిస్తే అన్నీ నోటుబుక్కులో ఉన్నట్టే ఉన్నాయి. ఉప్పు సరి, వేడి సరి, సున్నం సరి. లైటు ఎక్కువైందేమోనని పైకెత్తి కట్టాడు. నీటి వేగం ఎక్కువైందేమోనని వాల్వు చక్రం తిప్పి తగ్గించాడు. పగడాన్ని కుడివైపునుంచి ఎడమవైపుకు మార్చాడు. చేపలు మాత్రం ఏమీ ఎరగనట్టు ఆడుకుంటున్నాయి. అదే వాణ్ణి పిచ్చెక్కించింది. నీళ్ళు చెడితే ముందు చేపలు కదా పోవాలి! మరదలి నోటుబుక్కును మొదటి పేజీనుంచి చివరిదాకా రెండుసార్లు చదివాడు. దాంట్లో ఈ రోగం లేదు. ఆమె తొట్టికి పైపే లేదు, ఇక వాల్వు సంగతి ఎందుకు రాస్తుంది?

పద్నాలుగు పువ్వులున్న రోజున నేను హాలు తుడుస్తున్నాను. అల్మారా తలుపు తెరిచే ఉంది, వాడు పెరట్లో ఉప్పు కలుపుతున్నాడు. కింద నేల మీద ఉప్పు పొరలు కట్టింది. చెయ్యి పెట్టొద్దన్నాడని తెలిసి కూడా గుడ్డ పెట్టి తుడిచాను, మురికి చూస్తే నా చెయ్యి ఆగదు. నీటి తుంపర వాల్వు మీద పడి, అక్కణ్ణించి కారి, గడ్డకట్టింది. గుడ్డ తిప్పి చూస్తే ఆకుపచ్చగా ఉంది.

చిలుము. అది నాకు కొత్త కాదు. నా చిన్నప్పుడు మా అమ్మ, కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో ఉప్పూ పులుపూ ఉన్న కూర మర్నాటిదాకా ఉంచేసింది. ఇల్లంతా రెండు రోజులు వాంతులతో మంచాన పడ్డాం. అప్పటినుంచీ పచ్చరంగు అంటిన గిన్నెలో ఏది ఉన్నా నేను పారబోస్తాను. తమ్ముడు మాత్రం చిలుమును యాభై ఏళ్ళు వేరే చూపుతో చూశాడు. ఏ పాత కుళాయి విప్పినా అది ఉంటుంది, తోమితే పోతుంది. వాడికి అది మాసిన బట్ట లాంటిది.

నేను ఆ గుడ్డ పట్టుకుని కాసేపు అక్కడే కూర్చున్నాను. పెరట్లోకి వెళ్ళి వాడి చెవిన వెయ్యాలి. అది ఒక్క నిమిషం పని. వెయ్యలేదు. మేస్త్రీకి తెలియని లోహమా, నాకేం తెలుసు అనుకున్నాను. గిన్నెలో కూర వేరు, నీళ్ళలో రాయి వేరు అనుకున్నాను. ఇవన్నీ పైపై మాటలు. చెయ్యి తోశాడుగా, వాడే వచ్చి అడగనీ అనుకున్నాను. ఇంకా లోపల, ఆ తొట్టి ఎదుట వాడు కూర్చున్నంతసేపూ ఆమె ఎదుట కూర్చున్నట్టే ఉండేది నాకు. గుడ్డను ఉతక్కుండా పెరటి గోడ మేకుకు తగిలించాను.

రోజులు పోయాయి. పదమూడు. పన్నెండు. పొద్దున్నే లేచి నేనే ముందు లెక్కపెట్టేదాన్ని. అంకె తగ్గిన రోజు అన్నం సహించేది కాదు. అయినా నోరు పెగల్లేదు. చెప్పడం ఒక రోజు ఆలస్యమయ్యేకొద్దీ, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న ఒక రోజు పెరిగేది.

ఎనిమిది పువ్వులు మిగిలిన రోజున కొట్టతను మళ్ళీ వచ్చాడు. తన సీసాలతో నీళ్ళు పరీక్షించి తల అడ్డంగా ఊపాడు.

"వంక పెట్టడానికేం లేదండీ. మా కొట్లో నీళ్ళకన్నా బాగున్నాయి."

"మరెందుకు చస్తోంది?" అన్నాడు తమ్ముడు.

"ఇంట్లో ఎవరైనా ఏదైనా కొట్టారా? దోమల మందు, ఫినాయిలు, అలాంటిది?"

తమ్ముడు నా వైపు తిరిగాడు.

"అక్కా, నువ్వేమైనా..."

"ఏమన్నావురా?"

"కావాలని కాదు. నేల తుడిచిన చెయ్యి పొరపాటున అందులో పెట్టావేమోనని."

"నీ పెళ్ళాంతో నాకు ముప్ఫై ఏళ్ళు పడలేదు, నిజమే. ఆమె ఉండగా ఆ తొట్టిలో ఒక్కసారి వేలు పెట్టానా? పోయిన మనిషి మీద ఫినాయిలు పోస్తానా నేను?"

"పెద్దమ్మ గారూ, ఆయన ఉద్దేశం అది కాదండీ," అన్నాడు కొట్టతను.

"మీరు ఊరుకోండి. అక్కాతమ్ముళ్ళ మధ్య మీ సీసాలు పెట్టకండి."

పెరట్లోకి వెళ్ళి మేకు మీది గుడ్డ తెచ్చి వాడి ఒళ్ళో పడేశాను.

"ఇదిగో. ఇది నా ఫినాయిలు కాదు. నీ ఇత్తడి."

మంచితనంతో చెప్పలేదు. నింద పడలేక చెప్పాను. అది రాయకపోతే ఈ రాతకు అర్థం లేదు.

తమ్ముడు గుడ్డను వెలుతురులోకి పట్టి చూశాడు. కొట్టతను వంగి అల్మారాలోకి చూసి, ఒక్కసారి నేల మీద కూలబడ్డాడు.

"అయ్యో మేస్త్రీ గారూ. ఇత్తడిలో రాగి ఉంటుంది గదండీ! ఉప్పునీళ్ళకు అది కరుగుతుంది. చేపలు కొంత ఓర్చుకుంటాయి. నత్తలకీ పగడాలకీ విషం. రాగికి విడిగా పరీక్ష ఉంది, నాకు తట్టనే లేదు. ఏ లోహమూ వద్దని చెప్పాల్సింది. ఇనుమన్నాను."

"మీరు ఇనుమే అన్నారు," అన్నాడు తమ్ముడు మెల్లగా. "ఆ పెద్దింట్లో అన్నీ ప్లాస్టిక్కువే. పిసినారని నవ్వాను."

నా వైపు చూడకుండా అడిగాడు.

"ఎప్పుడు చూశావిది?"

అబద్ధం చెప్పొచ్చు. ఇవాళే అంటే నమ్మేవాడు.

"పదకొండు రోజులైంది."

అప్పటికి పద్నాలుగు, ఇప్పటికి ఎనిమిది. ఆ లెక్క ఇద్దరికీ వచ్చు. వాడు నన్ను ఏమీ అనలేదు. ఒక్క మాట అని ఉంటే నేను నాలుగు అనేదాన్ని, ఇద్దరికీ భారం దిగేది. వాడు పానా అందుకున్నాడు.

"బకెట్టు తే అక్కా," అన్నాడు.

మోటారు ఆపి, వాల్వు విప్పి, దాన్ని తుడవకుండానే గుమ్మం బయట పెట్టాడు. దాని చోట కొట్టతను తెప్పించిన ప్లాస్టిక్కు వాల్వు వాడే బిగించాడు. వాడు జీవితంలో బిగించిన మొదటి ప్లాస్టిక్కు వాల్వు అది. ఆ నీళ్ళను, రాళ్ళను ఇక నమ్మడానికి లేదు. రాతిలోకి కూడా రాగి ఇంకుతుందట. అప్పటికప్పుడు కొత్తగా ఉప్పునీళ్ళు కలిపి, పెద్ద ప్లాస్టిక్కు టబ్బులో పోసి, వేడి చేసే కడ్డీ, చిన్న మోటారు పెట్టి, పగడాన్ని అందులోకి దించాం. టబ్బును కిటికీ కింద పెట్టి, పైన లైటు కట్టాం. నీళ్ళు మోసింది నేనే. వాడు వద్దనలేదు.

విషం తీసేస్తే చావు వెంటనే ఆగుతుందనుకున్నాం. ఆగలేదు. తొమ్మిది రోజుల్లో ఇంకో మూడు పోయాయి. చచ్చిన కొమ్మమీద గోధుమరంగు జిగురు పట్టి, పక్కనున్న బతికిన కొమ్మలోకి పాకుతోంది. కొట్టతను వచ్చి చూసి, గట్టి కత్తెర ఒకటి బల్ల మీద పెట్టాడు.

"బతికిన అయిదింటినీ విడిగా కోసెయ్యాలండీ. గుత్తిగా ఉంచితే గుత్తిగా పోతుంది. కండకు తగలకుండా, కింద రాతి దగ్గర కొయ్యాలి. ఒక్కసారి తెగాలి, నలగకూడదు."

తమ్ముడు కత్తెర తీసుకున్నాడు. పదకొండేళ్ళు ఆమె ఒక్క కొమ్మ కూడా తుంచకుండా పెంచిన గుత్తి అది. వాడి చెయ్యి వణికింది. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాడు. రెండూ వణికాయి.

"నువ్వు కొయ్యి అక్కా."

"నేనా? ఆయన ఉన్నారుగా."

"ఆయనది కాదిది," అన్నాడు. "నువ్వు కొయ్యి. నేను పట్టుకుంటాను."

వాడు టబ్బు మీదికి గుత్తిని ఎత్తి పట్టుకున్నాడు. పువ్వులు నీళ్ళు కార్చుకుంటూ లోపలికి ముడుచుకున్నాయి. నేను కత్తెర మొదటి కొమ్మ మొదట్లో పెట్టి కళ్ళు మూసుకోకుండా నొక్కాను. టక్కుమంది. రాయి తెగింది, ముక్క వాడి అరచేతిలో పడింది. మరదలితో నేనొక మాట అనాలని ఉంది, ఏ మాటో తెలియలేదు. రెండోది కోశాను. మూడోది మెలికలో ఉంది, వాడు తిప్పి చూపించాడు. అయిదూ కోసేటప్పటికి నా జాకెట్టు వీపంతా తడిసిపోయింది. మిగిలిన తెల్లని చెట్టులాంటి రాయిని వాడు టబ్బులో వెయ్యలేదు, పక్కన బల్ల మీద ఆరబెట్టాడు.

అయిదింటిలో ఒకటి వారంలో పోయింది. నాలుగు నిలబడ్డాయి. ఆ పాత తొట్టి అద్దాలు విప్పి, గీకి, కొత్తగా అతికించి, పైపూ వాల్వూ లేకుండా మరదలు నడిపినట్టే దాన్ని మళ్ళీ నడుపుతున్నాడు. ఇత్తడి తగిలిన పెద్ద తొట్టిని కొట్టతను తీసుకుపోయాడు, చేపలకైతే పనికొస్తుందని. నాలుగు ముక్కల్లో ఒకదాన్ని కూడా తమ్ముడు అతనికే ఇచ్చాడు.

"ఒక్క ఇంట్లోనే ఉంచితే, ఆ ఇంట్లో తప్పు జరిగితే మొత్తం పోతుంది," అన్నాడు. "మీ దగ్గరొకటి ఉండనివ్వండి. మా దగ్గర పోతే వచ్చి అడుగుతాను."

"మా దగ్గర పోతే?"

"మీరొచ్చి అడగండి."

అది జరిగి పద్నాలుగు నెలలైంది. మేము ఆ పదకొండు రోజుల గురించి మళ్ళీ మాట్లాడలేదు. వాడికి కోపం పోయిందో లేదో నాకు తెలియదు, అడిగే ధైర్యం నాకు లేదు. ఆదివారం పొద్దున వాడు నీళ్ళు తీస్తాడు, నేను కొత్తవి అందిస్తాను. మందుచుక్కలు నేనే వేస్తున్నాను, వాడి చేతిలో సీసా ఒలుకుతోంది. అంకె నేను చెబితే వాడు రాస్తాడు.

మొన్న ఆదివారం వాడు అద్దానికి ముఖం ఆనించి చాలాసేపు చూశాడు.

"ఇలా రా అక్కా. ఈ మధ్యదాన్ని చూడు. నొక్కుపడిందా, నా కళ్ళ మసకా?"

నేను వంగి చూశాను. పువ్వు వెడల్పయ్యింది. నడుమ సన్నని గీత. ఇటో నోరు, అటో నోరు.

"పడిందిరా."

"నిజంగానా? నన్ను మెప్పించడానికి చెప్పకు."

"నిన్ను మెప్పించడానికి నేనెప్పుడు ఏం చెప్పాను?"

వాడు బల్ల దగ్గరికి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. కొట్లో ఉన్నదాన్ని కూడా కలుపుకుని లెక్కపెడతాడు ఎప్పుడూ. నోటుబుక్కు తెరిచి, కలం ఎత్తి పట్టుకున్నాడు.

"అయిదని రాయనా?"

"ఇంకా విడిపోలేదు. తొందరపడకు."

"అయితే నాలుగున్నర," అన్నాడు. మరదలి నోటుబుక్కులో, తన వంకర అంకెలతో, అలాగే రాశాడు.